సీసా మీది అంకె, కణానికి అందే మోతాదు

ఖర్జూరపు కణజాలాన్ని సీసాలలో పెంచే పని మొదలుపెట్టిన కొత్తలో చేసిన ఒక పొరపాటు నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్లు గుర్తుంది. వర్ధన యానకం (కణజాలం పెరిగే పోషక మిశ్రమం) తయారీ పట్టికలో 2,4-డి అనే కృత్రిమ ఆక్సిన్‌కు, అంటే మొక్కల ఎదుగుదల హార్మోన్‌కు, ఎదురుగా లీటరుకు 100 మిల్లీగ్రాములు అని ఉంది. దానిని జాగ్రత్తగా తూచి, కొన్ని చుక్కల సోడియం హైడ్రాక్సైడ్ ద్రావణంలో కరిగించి, నీటితో పలుచన చేసి, లవణాలనూ విటమిన్లనూ చక్కెరనూ కలిపి, పీహెచ్ సరిచూసి, సీసాలలో పోసి, వేడి ఆవిరితో శుద్ధిచేసే ఆటోక్లేవ్‌లో పెట్టాను. అదే పట్టికలో మరో మూడు వరుసల కింద ఉన్న ఉత్తేజిత బొగ్గును మాత్రం వేయడం మరిచిపోయాను. పేరుకున్న యానకం పాలిపోయిన రంగులో, అవతలి వేళ్ళు కనిపించేంత తేటగా ఉంది. నల్లగా ఉండవలసినది ఇలా ఉన్నదేమిటని అనుమానించేంత అనుభవం అప్పటికి నాకు లేదు. మూడు వారాలు తిరిగేసరికి మొవ్వు నుంచి కోసి పెట్టిన ముక్కలన్నీ నీరు పట్టినట్లు ఉబ్బి, అంచుల దగ్గర గోధుమ రంగుకు తిరిగి, ఆ తరువాత మొత్తంగా నల్లబడిపోయాయి.

అంతే మోతాదు 2,4-డిని, లీటరుకు 3 గ్రాముల బొగ్గుతోనూ కణ విభజనను ప్రేరేపించే సైటోకైనిన్ అనే హార్మోన్ల రకానికి చెందిన 2ఐపీ 3 మిల్లీగ్రాములతోనూ కలిపి వాడితే ఖర్జూరపు ముక్కల నుంచి కాలస్ (ఇంకా రూపం తీసుకోని కణాల ముద్ద) పుడుతుందని, ఆ కాలస్ నుంచి పిండాలు వస్తాయని బ్రెంట్ టిసరాట్ అనే పరిశోధకుడు 1979లోనే చూపించారు. ఆ తరువాత వచ్చిన ఖర్జూర పద్ధతులలో చాలావాటికి ఆ కూర్పే మూలం. క్యారెట్ కణాల నుంచి పిండాలను రప్పించడానికి లీటరుకు 1 మిల్లీగ్రాము, ఒక్కోసారి అంతకన్నా తక్కువ 2,4-డి సరిపోతుంది. ఖర్జూరానికి దానికి వంద రెట్లు ఎందుకు కావాలి? ఆ 100 మిల్లీగ్రాములలో నిజంగా కణం దాకా చేరేది ఎంత? చచ్చిపోయిన ఆ ముక్కలను పారబోస్తున్నప్పుడు ఈ ప్రశ్నలు మనసులో పడ్డాయి. తాటి కుటుంబపు చెట్ల కణజాల వర్ధనంలో హార్మోన్ల గురించి నేను నేర్చుకున్నదంతా చాలావరకు వీటికి జవాబు వెతుక్కుంటూ నేర్చుకున్నదే.

ముందుగా, ఈ చెట్లతో ఇంత అవస్థ ఎందుకు పడుతున్నామో చెప్పాలి. కొబ్బరికి గానీ ఆయిల్‌పామ్‌కు గానీ ఎదిగే చోటు ఒక్కటే ఉంటుంది. మట్టలన్నీ పుట్టే ఆ విభాజ్య కణజాలం మొవ్వు లోపల దాగి ఉంటుంది. మొవ్వు పోయిందంటే చెట్టు పోయినట్లే. ఏకదళబీజ వృక్షాలు గనుక వీటి కాండంలో కేంబియం అనే, కోతను అతికించే విభాజ్య కణాల పొర ఉండదు, కాబట్టి అంటు కట్టడం సాధ్యం కాదు. కొమ్మలు లేవు గనుక ఛేదనాలు నాటడమూ లేదు. ఖర్జూరం కొంత నయం. అది చిన్న వయసులో మొదలు దగ్గర పిలకలు వేస్తుంది, కానీ జీవితకాలం మొత్తం మీద అవి లెక్కపెట్టగలిగినన్నే ఉంటాయి. విత్తనం నాటితే తల్లి గుణాలు దిగుతాయన్న భరోసా లేదు. ఖర్జూరంలో ఆడ చెట్లు, మగ చెట్లు వేరువేరు కావడం వల్ల విత్తనాల నుంచి వచ్చిన మొక్కలలో సుమారు సగం మగవే అవుతాయి, ఆ సంగతి పూత వచ్చేదాకా కంటికి తెలియదు. మేలైన ఒక చెట్టును ఉన్నది ఉన్నట్లుగా వేల సంఖ్యలో పొందాలంటే, దాని శరీర కణాల నుంచే పిండాలను రప్పించడం తప్ప చెప్పుకోదగ్గ దారి మరొకటి కనిపించదు. ఫలదీకరణతో పని లేకుండా ఇలా పుట్టే పిండాలను శాకీయ పిండాలు అంటాం.

శాకీయ పిండాన్ని అర్థం చేసుకోవాలంటే ముందు విత్తనంలోని అసలు పిండాన్ని చేతిలోకి తీసుకుని చూడాలి. కొబ్బరికాయకు ఉండే మూడు కళ్ళలో రెండు గట్టిగా మూసుకుపోయి ఉంటాయి. మెత్తగా ఉన్న మూడవ కన్ను కింద, కొబ్బరిలో కూరుకుపోయి పిండం ఉంటుంది. ముదిరిన కాయను పగలగొట్టి, ఆ కన్ను చుట్టూ బెండు తొలిచే గొట్టంతో అదిమి తిప్పితే, పిండాన్ని పొదువుకున్న ఒక చిన్న కొబ్బరి స్తంభం ఊడి వస్తుంది. దానిని సోడియం హైపోక్లోరైట్‌తో శుద్ధిచేసి, సూక్ష్మజీవులు లేకుండా వడకట్టిన ల్యామినార్ గాలిలో చిమటాతో కొబ్బరిని మెల్లగా ఒలిస్తే, సెంటీమీటరుకు లోపు పొడవున్న, మీగడ రంగు మేకులాంటి పిండం బయటపడుతుంది. పైకి చూస్తే దానికి ఆకూ లేదు, వేరూ లేదు. కంటి వైపున ఉన్న కొన లోపల, ఒక మిల్లీమీటరుకు అటూఇటుగా ఉండే ప్రథమ కాండం, అంటే చిగురు కాబోయే మొలక, దాగి ఉంటుంది. మిగిలినదంతా ఒక్కగానొక్క బీజదళమే. కొత్తవారు రెండు కొనలను తారుమారు చేసుకోవడం మామూలు. నేనూ మొదటి పది పిండాలలో నాలుగింటిని తలకిందులుగా నాటాను.

ఆ బీజదళపు అడుగు భాగమే మొలకెత్తేటప్పుడు లోపలికి పెరిగి, చూషకంగా మారి, అంకురచ్ఛదంలోని, అంటే విత్తనపు తిండి నిల్వలోని, ఆహారాన్ని పీల్చుకుంటుంది. మొలిచిన కొబ్బరికాయలో కొబ్బరి పువ్వు అనీ, తాటి టెంకలో బుర్రగుంజు అనీ మనం పిలుచుకునేవి ఈ చూషకాలే. విత్తనంలోని పిండానికి తిండినీ హార్మోన్లనూ అంకురచ్ఛదమే సమకూరుస్తుంది. ఎప్పుడు ఎంత ఇవ్వాలో, ఎప్పుడు ఆపాలో అక్కడ ఒక క్రమం ఏర్పడి ఉంటుంది. ప్రయోగశాలలో ఆ క్రమాన్ని సీసాలు మార్చుతూ మన చేతులతో నడపాలి. కష్టమంతా అక్కడే ఉంది.

ఇక్కడ ఒక చమత్కారం ఉంది. మొత్తం కణజాల వర్ధన శాస్త్రానికే ఒకప్పుడు ఊతమిచ్చినవి కొబ్బరినీళ్ళు. 1941లో వాన్ ఓవర్‌బీక్, కాంక్లిన్, బ్లేక్స్‌లీ అనే శాస్త్రవేత్తలు, మామూలు యానకంలో బతకని లేత ఉమ్మెత్త పిండాలు కొబ్బరినీళ్ళు కలిపితే పెరుగుతాయని చూపించారు. 1948లో కాప్లిన్, స్టీవార్డ్ ఇద్దరూ క్యారెట్ కణజాలంతో చేసిన పనికీ ఆ నీళ్ళే ఆధారం. కొబ్బరినీళ్ళంటే ఇంకా కణాలుగా విడిపోని, ద్రవరూపంలో ఉన్న అంకురచ్ఛదం. పిండాన్ని పోషించడానికే పుట్టిన ఆ ద్రవంలో జియాటిన్ రైబోసైడ్ వంటి సైటోకైనిన్‌లు ఉన్నాయని ఆ తరువాత తేలింది. ఇన్ని మొక్కల పిండాలకు పాలిచ్చిన కొబ్బరి, తన సొంత కణజాలం విషయానికి వచ్చేసరికి ప్రయోగశాలలో అతి మొండి మొక్కలలో ఒకటిగా మిగిలింది. మురాషిగే, స్కూగ్ 1962లో పొగాకు కోసం రూపొందించిన యానకం లోకంలోని సగం మొక్కలకు సరిపోయినా, కొబ్బరికి అంతగా నప్పలేదు. 1976లో ఈయూవెన్స్ కొబ్బరి కోసం లవణాల కూర్పును మార్చి వై3 అనే యానకాన్ని ఇచ్చిన తరువాతనే పని కొంత దారిలో పడింది.

విత్తనం నుంచి తీసిన ముదురు పిండాన్ని మొలకెత్తించడానికి హార్మోన్ల అవసరం పెద్దగా లేదు. వై3 యానకం, లీటరుకు 60 గ్రాముల దాకా చక్కెర, కొంచెం బొగ్గు, మొదట్లో చీకటి ఉంటే చాలావరకు అదే దారి వెతుక్కుంటుంది. చక్కెర ఇంత ఎక్కువ ఎందుకంటే, పోగొట్టుకున్న అంకురచ్ఛదానికి అది బదులు. ఫిలిప్పీన్స్‌లో మకపునో అనే కొబ్బరి రకం ఉంది. దాని కాయలోని అంకురచ్ఛదం గట్టి కొబ్బరిగా పేరుకోకుండా జిగురు ముద్దలా తయారవుతుంది. పిండం మామూలుగానే ఉన్నా ఆ ముద్ద నుంచి తిండి అందక కాయలో మొలకెత్తదు. 1960లలో డి గుజ్మన్, ఆమె సహచరులు ఆ పిండాన్ని బయటకు తీసి యానకంలో పెంచి మొక్కను చేశారు. పిండానికి లోపం లేదని, లోపమంతా దానిని పోషించే కణజాలంలోనే ఉందని ఇంతకన్నా శుభ్రంగా చెప్పే ప్రయోగం నాకు మరొకటి కనిపించదు.

శరీర కణాన్ని పిండంగా మార్చడం దీనికి పూర్తిగా భిన్నమైన పని. మట్టగానో పూగుత్తిగానో తన పని తాను నిర్ణయించుకున్న కణం ఆ నిర్ణయాన్ని వదులుకుని, తాను ఒక ఫలదీకరణ పొందిన అండంలా ప్రవర్తించాలి. ఆ కుదుపునిచ్చేది ఆక్సిన్. స్కూగ్, మిల్లర్ 1957లో పొగాకు కణజాలంతో చేసిన ప్రయోగాలలో ఆక్సిన్ ఎక్కువైతే వేళ్ళు, సైటోకైనిన్ ఎక్కువైతే చిగుళ్ళు, రెండూ తూగితే కాలస్ అని తేల్చారు. ఆ త్రాసు బొమ్మ పాఠ్యపుస్తకాలన్నిటిలోనూ స్థిరపడిపోయింది. అయితే దానిని పట్టుకుని కొబ్బరి దగ్గరకు వచ్చినవారికి నిరాశ తప్పదు. ఇక్కడ రెంటి నిష్పత్తి కన్నా ఆక్సిన్ ఏ మోతాదులో, ఎన్నాళ్ళు, ఏ రూపంలో ఉందన్నదే ఎక్కువ నిర్ణయాత్మకం.

మొక్క స్వయంగా తయారుచేసుకునే ఆక్సిన్‌ను, అంటే ఇండోల్ ఎసిటిక్ ఆమ్లాన్ని, యానకంలో వేస్తే అది వెలుతురుకు చెడుతుంది. కణంలోకి పోయినా ఎంజైమ్‌లు దానిని విరగ్గొడతాయి, లేదా అమినో ఆమ్లాలకు కట్టేసి పక్కన పెడతాయి. 2,4-డి అలా కాదు. ఆక్సిన్‌ను లోపలికి తెచ్చే ద్వారం గుండా అది సులువుగా వస్తుంది, కానీ బయటకు పంపే ద్వారాలు దానిని సరిగా గుర్తించవు. విరగడమూ నిదానమే. దాంతో కణంలో పేరుకుపోతుంది. వెడల్పాటి ఆకుల కలుపు మొక్కలను చంపే మందుగా దానిని వాడేది కూడా, కొంతమేరకు, కణం దానిని వదిలించుకోలేకపోవడం వల్లనే. చంపడానికి పనికివచ్చిన మొండితనమే పిండాన్ని పుట్టించడానికీ పనికివచ్చింది. కణంలో ఆక్సిన్‌ను పట్టుకునే టీఐఆర్1 అనే గ్రాహకం 2005లో బయటపడిన తరువాత ఈ కథలో మరికొంత తెలిసింది. ఆక్సిన్ వచ్చి అంటుకోగానే, జన్యువుల నోరు నొక్కి ఉంచిన కొన్ని ప్రోటీన్లు నాశనమవుతాయి, మూగబోయిన జన్యువులు పలుకుతాయి. అలా చివరకు మేల్కొనేవాటిలో మొక్కలలో పిండోత్పత్తిని నడిపే జన్యువులూ ఉంటాయి. క్యారెట్‌లో మొదట గుర్తించిన సెర్క్ అనే జన్యువుకు బంధువు కొబ్బరిలోనూ ఉంది. అది పలికే కాలస్‌కు పిండాలనిచ్చే సామర్థ్యం ఉంటుంది.

ఇక బొగ్గు. తాటి కుటుంబపు కణజాలాన్ని కోసిన క్షణం నుంచి గాయం నుంచి ఫీనాల్‌లు అనే రసాయనాలు కారడం మొదలవుతుంది. గాలి తగిలి అవి నల్లబడి, ఆ ముక్కనే విషపూరితం చేస్తాయి. యానకంలో బొగ్గు వేసేది మొదట వాటిని పీల్చడానికే. కానీ బొగ్గుకు మంచీ చెడూ తెలియదు. వలయాకారపు అణువు ఏది దొరికినా పట్టుకుంటుంది, 2,4-డిని కూడా. యానకం తయారైన కొద్ది రోజులలోనే దానిలోని 2,4-డిలో అత్యధిక భాగం బొగ్గు రేణువుల మీదికి చేరిపోతుంది. అంటే సీసా మీద 100 మిల్లీగ్రాములని రాసి ఉన్నా, ముక్కకు అందుబాటులో స్వేచ్ఛగా ఉండేది అందులో చాలా చిన్న వంతు. అది తరిగేకొద్దీ బొగ్గు మీద ఉన్నదానిలో కొంత మళ్ళీ కరిగి వస్తుంది కాబట్టి, బొగ్గు ఒకవిధంగా ధాన్యం గాదెలాంటిది. పట్టుకుని ఉంటుంది, కొద్దికొద్దిగా విడుస్తుంది. నేను చేసిన పొరపాటు ఆ గాదెను తీసేసి, ధాన్యమంతా ఒక్కసారి ముక్క మీద కుమ్మరించడం.

దీనివల్ల వచ్చే చిక్కు చిన్నది కాదు. బొగ్గు పీల్చే శక్తి దాని రేణువు పరిమాణాన్ని బట్టి, దానిని శుద్ధిచేసిన తీరును బట్టి, యానకపు పీహెచ్‌ను బట్టి మారుతుంది. ఒకే తయారీదారు ఇచ్చిన రెండు డబ్బాలు కూడా ఒకేలా ఉంటాయన్న నమ్మకం లేదు. యానకాన్ని వండిన మరుసటి రోజు ముక్కలు పెట్టడానికీ, రెండు వారాల తరువాత పెట్టడానికీ తేడా ఉంటుంది. ఇది తెలిసిన తరువాత, బొగ్గు రకం చెప్పకుండా 2,4-డి మోతాదును మాత్రం మూడు దశాంశాల దాకా ఇచ్చే పద్ధతులను చూస్తే నాకు కొంచెం నవ్వు వస్తుంది. ఆ దశాంశాలు తక్కెడకు తెలుసు గానీ, కణానికి తెలియవు.

కొబ్బరిలో ఇప్పుడు ఎక్కువగా వాడేది ప్రథమ కాండం. ఇందాక చెప్పిన మిల్లీమీటరు మొలకను సూక్ష్మదర్శిని కింద కోసి తీసి, 0.65 మిల్లీమోలార్ 2,4-డి, లీటరుకు 2.5 గ్రాముల బొగ్గు ఉన్న వై3 యానకం మీద సుమారు 3 నెలలు చీకటిలో ఉంచుతారు. 0.65 మిల్లీమోలార్ అంటే లీటరుకు 144 మిల్లీగ్రాములు. మెక్సికోలోని యుకటాన్‌లో పనిచేసే పరిశోధకులు 2006లో ప్రచురించిన పద్ధతిలో, పుట్టిన పిండాల నుంచే మళ్ళీ పిండాలను పుట్టించి, కాలస్‌ను కూడా పెంచుకుంటూ పోతే, ఒక్క ప్రథమ కాండం నుంచి సుమారు 98,000 శాకీయ పిండాలను పొందవచ్చని లెక్కగట్టారు. అది కాగితం మీది లెక్క, ప్రతి పిండమూ మొక్క కాదు. అయినా అంతకుముందు ఒక్కో ముక్కకు చేతివేళ్ళ మీద లెక్కించదగినన్ని పిండాలతో సరిపెట్టుకున్నవారికి అది పెద్ద మలుపు.

ఆ పద్ధతిలో నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది రెండవ యానకం. మూడు నెలల తరువాత కాలస్‌ను మార్చే ఆ యానకంలో 2,4-డి 6 మైక్రోమోలార్లు మాత్రమే ఉంటుంది, అంటే లీటరుకు 1.3 మిల్లీగ్రాములు, మొదటిదానిలో వందో వంతు. దానితోపాటు 300 మైక్రోమోలార్ల బీఏపీ అనే సైటోకైనిన్, వెలుతురు కలుస్తాయి. పిండం అప్పుడు రూపం దిద్దుకుంటుంది. అంటే, పిండాన్ని పుట్టించే ఆక్సినే దాని ఎదుగుదలకు అడ్డు. ఎక్కువ ఆక్సిన్‌లోనే ఉంచితే కణాలు పిండం కావాలన్న ఉత్సాహాన్ని నిలుపుకుంటూ, ముద్దగా విభజన చెందుతూ ఉంటాయి తప్ప ముందుకు కదలవు. పిండానికి ఒక తల, ఒక అడుగు ఏర్పడాలంటే ఆక్సిన్ ఒక వైపు ఎక్కువగా, మరో వైపు తక్కువగా ఉండాలి. కణాలు తమ సొంత ఆక్సిన్‌ను ఒకరి నుంచి ఒకరికి ఒకే దిశగా అందించుకుంటూ ఆ తేడాను కల్పించుకుంటాయి. చుట్టూ 2,4-డి ముంచెత్తి ఉంటే ఆ ఎత్తుపల్లాలు నిలవవు. వరద నీటిలో కాలువ ఏదో గట్టు ఏదో తెలియనట్లే ఉంటుంది పిండానికి. అందుకే ఆక్సిన్‌ను ఎంత వేశామన్నదాని కన్నా ఎప్పుడు తీసేశామన్నది నాకు పెద్ద ప్రశ్నగా తోస్తుంది.

తీసేయడానికి తగిన సమయాన్ని కన్ను పట్టుకోవాలి. పాలిపోయిన, వదులుగా నీరూరుతూ ఉన్న కాలస్‌ను నేను పక్కన పెట్టేస్తాను. దాని నుంచి ఎంత ఎదురుచూసినా పిండాలు రావు. దాని మధ్య నుంచి ముత్యపు మెరుపుతో, గట్టిగా, చెవి ఆకారంలో పొడుచుకువచ్చే చిన్న చిన్న బుడిపెలు కనిపిస్తే అవి కావలసినవి. సన్నటి కోతలు తీసి రంగు వేసి చూస్తే, ఆ బుడిపెల్లో దట్టమైన కణద్రవ్యంతో, పెద్ద కేంద్రకంతో ఉన్న కణాలు కనిపిస్తాయి. పిండంగా మారబోయే కణం తన గోడను మందం చేసుకుని, ఇరుగుపొరుగు కణాలతో ఉన్న సన్నని దారులను మూసేసుకుంటుందని కొబ్బరి కాలస్ మీద జరిగిన పరిశోధనలు చూపించాయి. నలుగురిలో ఉంటూ వేరు కాపురం పెట్టడం లాంటిది అది. పొరుగువారి సంకేతాలు వినిపించనప్పుడే అది తన పని తాను మొదటి నుంచి మొదలుపెట్టగలుగుతుంది.

కొత్తగా చేరినవారికి ఇక్కడ ఒక మాట చెబుతుంటాను. పుస్తకాలలో గోళాకార దశ, హృదయాకార దశ, టార్పెడో దశ అని చదివి వచ్చి, సూక్ష్మదర్శిని కింద హృదయం కోసం వెతుకుతారు. హృదయాకారం వచ్చేది రెండు బీజదళాలు ఒకేసారి పొడుచుకురావడం వల్ల. ఉన్నది ఒక్క బీజదళమే అయిన చోట హృదయం ఎక్కడి నుంచి వస్తుంది? ఇక్కడ గోళం సాగుతుంది, ఒక పక్కన చిన్న గంటు పడుతుంది, ఆ గంటులోనే ప్రథమ కాండం ఏర్పడుతుంది. ఆ గంటును చూడగలిగినవారు సగం పని నేర్చుకున్నట్లే.

సైటోకైనిన్‌ల గురించి చెప్పవలసినది తక్కువ. బీఏపీ, 2ఐపీ, థయాడయాజురాన్ వంటివి చిగురు వైపు మొగ్గు చూపించడానికి సాయపడతాయి, కానీ ఎక్కువైతే చిగుళ్ళు గాజులా పారదర్శకమై పెళుసుబారతాయి. ఇథిలీన్ మనం వేసేది కాదు, బిగుతుగా మూసిన సీసాలో కణజాలమే విడిచేది. అది పేరుకుంటే కాలస్ ముడుచుకుపోతుంది. మూతల సంగతి చూసుకుంటే ఈ బాధ కొంత తగ్గుతుంది.

అబ్సిసిక్ ఆమ్లం దగ్గర మాత్రం ఆగాలి. విత్తనంలోని పిండం తయారవగానే మొలకెత్తదు. ముందు ముదురుతుంది, నిల్వ ప్రోటీన్లను నింపుకుంటుంది, అవసరమైతే ఎండడానికి సిద్ధమవుతుంది. ఆ ఓపికను నేర్పే హార్మోన్ అబ్సిసిక్ ఆమ్లం. సీసాలోని శాకీయ పిండానికి ఆ పాఠం చెప్పేవారు లేరు. గంటు సరిగా పడకముందే అది మొలకెత్తడానికి తొందరపడుతుంది, చూషకం పెద్ద స్పంజిలా ఉబ్బిపోతుంది, చిగురు మాత్రం రాదు. ఆయిల్‌పామ్‌లో శాకీయ పిండాలను విత్తనపు పిండాలతో పోల్చి చూసినప్పుడు, వాటిలోని నిల్వ ప్రోటీన్ ఎంతో తక్కువని తేలింది. ఖాళీ సంచితో ప్రయాణం మొదలుపెట్టినట్లు. 2,4-డి తగ్గించిన తరువాత కొన్ని వారాల పాటు అబ్సిసిక్ ఆమ్లం ఇచ్చి, అవసరమైతే పాలీఇథిలీన్ గ్లైకాల్‌తో నీటి ఒత్తిడి కలిగించి, ఆపై దానిని తీసేసి మొలకెత్తనిస్తే, చిగురూ వేరూ రెండూ సరిగా వచ్చే పిండాల వంతు పెరుగుతుంది. అప్పుడు కావలసినది అబ్సిసిక్ ఆమ్లానికి ఎదురు నిలిచే జిబ్బరెల్లిన్ అనే హార్మోన్. అది కొద్ది మోతాదులో, అర మైక్రోమోలార్‌కు అటూఇటుగా ఉంటే చాలు. వేళ్ళు మొండికేస్తే ఎన్ఏఏ లేదా ఐబీఏ అనే మెతక ఆక్సిన్‌లు మళ్ళీ రంగంలోకి వస్తాయి. తగ్గించిన ఆక్సిన్‌నే, ఇంకో రూపంలో, ఇంకో పని కోసం తిరిగి పిలవడం.

ఇదంతా సవ్యంగా జరిగి, పచ్చటి మొక్క కుండీలోకి చేరినా కథ ముగియదని ఆయిల్‌పామ్ నేర్పింది. 1970లలో ఆ చెట్టు నుంచి టిష్యూ కల్చర్ మొక్కలు వచ్చినప్పుడు అందరూ సంబరపడ్డారు. అవి తోటలలో పూతకు వచ్చాక, 1980లలో, కొన్ని చెట్లలో వింత బయటపడింది. పూలలో కేసరాలుగా ఉండవలసినవి కార్పెల్‌లలాగా, అంటే కాయగా మారే ఆడ భాగాలలాగా మారి, కాయ చుట్టూ అదనపు తొడుగు వేసినట్లు పెరిగాయి. తీవ్రమైన చోట్ల గెలలకు గెలలే నిలవక రాలిపోయాయి. దీనికి తొడుగు కాయ అని అర్థం వచ్చే పేరే పెట్టారు. ఒకే కణజాలం నుంచి వచ్చిన తోబుట్టువులలో కొన్ని బాగుండి, కొన్ని ఇలా అయ్యాయంటే జన్యువుల అక్షరాలు మారలేదని, వాటి మీద వేసిన గుర్తులు మారాయని అనుమానం కలిగింది. త్వరత్వరగా పెరిగే మెత్తటి కాలస్ నుంచి వచ్చిన మొక్కలలో దాదాపు అన్నీ ఇలా చెడితే, నిదానంగా గట్టి బుడిపెలుగా పెరిగిన కాలస్ నుంచి వచ్చినవాటిలో కొద్ది వంతే చెడ్డాయన్నది తొలి ఆధారాలలో ఒకటి.

2015లో మలేషియా పామాయిల్ మండలి శాస్త్రవేత్తలు, వారితో కలిసి పనిచేసిన అమెరికా పరిశోధకులు దీని మూలాన్ని పట్టుకున్నారు. పూవు భాగాలను నిర్దేశించే ఒక జన్యువు మధ్యలో, అనవసరపు భాగంలో, కర్మ అనే, ఒక చోటి నుంచి మరో చోటికి దూకగల డీఎన్ఏ ముక్క ఒకటి కూర్చుని ఉంటుంది. మామూలుగా దాని మీద మిథైల్ అనే రసాయన గుర్తులు దట్టంగా ఉండి, అది మౌనంగా ఉంటుంది. వర్ధనంలో ఆ గుర్తులు రాలిపోతే, జన్యువు సందేశాన్ని కత్తిరించి అతికించేటప్పుడు తప్పు చోట కోత పడి, కురచ సందేశం తయారవుతుంది, కాయ చెడుతుంది. గుర్తులు నిలిచి ఉంటే మంచి కర్మ, రాలితే చెడు కర్మ అని వారు చమత్కరించారు. ఇప్పుడు ఆకు నుంచి చిన్న చిల్లు తీసి ఆ గుర్తులను పరీక్షిస్తే, మొక్క లేతగా ఉన్నప్పుడే ఏది చెడ్డదో తెలిసిపోతుంది. పూత కోసం రెండు మూడేళ్ళు ఎదురుచూడనక్కరలేదు.

ఈ సంగతి తెలిసిన దగ్గర నుంచి ఎక్కువ ఆక్సిన్‌తో కాలస్‌ను పరుగెత్తించి సంఖ్య పెంచుకునే పద్ధతి అంటే నాకు భయం పట్టుకుంది. ఖర్జూరంలోనూ, కొన్ని రకాలలో మూడు కార్పెల్‌లకు మించి ఏర్పడడం, కాయ నిలవకపోవడం, చెట్టు పొట్టిగా ఉండిపోవడం వంటి వికారాలు కనిపించాయి. కాలస్ దశను వీలైనంత తగ్గించడం, ఒకే కాలస్‌ను ఏళ్ళ తరబడి సాగదీయకపోవడం, తొందరపడి పెరిగే ముద్దను ఆశపడి దాచుకోకపోవడం ఇప్పుడు నా పట్టికలో మోతాదులకన్నా పై వరుసలో ఉన్నాయి.

సీసాల మీద నేను రాసే చీటీ కూడా మారింది. ఒకప్పుడు 2,4-డి 100 అని ఒక్క వరుస రాసేవాడిని. ఇప్పుడు బొగ్గు డబ్బా సంఖ్య, యానకం వండిన తేదీ, ముక్క పెట్టిన తేదీ, ఆక్సిన్ తగ్గించవలసిన తేదీ వరుసగా నాలుగు ఉంటాయి. ఆ నాలుగవదానిని మాత్రం పెన్సిలుతో రాస్తాను. బుడిపెలు ముత్యపు మెరుపు ఎక్కేదాకా దానిని రెండు మూడు సార్లు చెరిపి ముందుకు జరపవలసి వస్తుంది. ఈ వారం చీకటి అల్మరాలో ఉన్న కొబ్బరి సీసాలలో పదకొండింటికి ఆ తేదీ దాటిపోయింది. వాటిలో ఏడింటిని సూక్ష్మదర్శిని కింద చూసి తిరిగి లోపల పెట్టాను, నాలుగింటిని రెండవ యానకంలోకి మార్చాను.